వేసవిలో పాత ఫియట్‌కు రంగు



బళ్ళారిలో ఉన్నవి రెండే కాలాలు, ఒకటి బేసిగె, రెండోది కడు బేసిగె అని కన్నడంలో ఒక హాస్యోక్తి ఉంది. బేసిగె అంటే ఎండాకాలం. రెండోది ముదిరిన ఎండాకాలం. ఈ ఊళ్ళో ఏప్రిల్, మే నెలల్లో సర్కారు కచేరీలే పొద్దున ఎనిమిదింటికి తెరిచి మధ్యాహ్నం ఒకటిన్నరకు మూసేస్తారు. అలాంటి ఊళ్ళో, అలాంటి నెలల్లో, ఒక పాత కారుకు రంగు వేయించడానికి పూనుకున్నాను. బడికి సెలవులు అప్పుడే కదా మరి. నేను కన్నడ మాధ్యమం బళ్ళో సైన్సు చెబుతాను. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం, గ్యారేజీలో ఈ రెండూ కలిసిన ఉర్దూ. మూడింటితోనూ ఆ వేసవిలో పని పడింది.

మా కారు ప్రీమియర్ పద్మిని, 1978 నాటిది. ఇటలీ వాళ్ళ ఫియట్ 1100 డిలైట్ నమూనాను బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ 1964 నుంచి తయారు చేసింది. 1974 లో దానికి పద్మిని అని పేరొచ్చింది. పేరు మారినా మా ఊళ్ళో ఎవరూ పద్మిని అనలేదు, ఫియట్ అనే అన్నారు. గేరు కడ్డీ స్టీరింగు పక్కనే ఉంటుంది. ఇంజను 1,089 సీసీలు. ముందు అద్దాల మూలన ముక్కోణపు చిన్న గ్లాసు ఉంటుంది, దాన్ని తిప్పితే గాలి నేరుగా మొహానికి కొడుతుంది. బొంబాయిలో నలుపు పసుపు టాక్సీలుగా తిరిగినవి ఇవే. అక్కడ వాటిలో చివరిది 2023 అక్టోబరులో రోడ్డు మీంచి తప్పుకుంది.

నేను పుట్టిందీ 1978 లోనే. మా నాన్న పత్తి మండీ నడిపేవారు. బుక్ చేసిన కారు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూశారట. అది వచ్చిన మూణ్ణెల్లకు నేను వచ్చాను. నాకోసం అంతగా ఎదురుచూడలేదని మా అమ్మ ఎగతాళి చేసేది.

2023 జూన్‌లో రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాల్సి ఉంది. సొంత కారుకు మొదటి 15 ఏళ్ళు దాటాక ఐదేళ్ళకోసారి బండిని తీసుకెళ్ళి చూపించి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ దాకా 600 రూపాయలున్న రుసుము 5,000 అయింది. పోనీ వింటేజ్ బండి అని రాయించుకుందామా అంటే, దానికి 50 ఏళ్ళు నిండాలి. కాగితాలన్నీ ముందరేసుకుని చూస్తుంటే ఒక సంగతి కంటబడింది. ఆర్.సి. పుస్తకంలో రంగు క్రీము అని ఉంది. వాకిట్లో ఉన్న బండేమో నీలం! బండి రంగు మారిస్తే ఆ మార్పు ఆర్.సి.లో రాయించుకోవాలి, అది చట్టం. ఇన్నేళ్ళూ తనిఖీ చేసినవాళ్ళు ఎలా వదిలేశారో గానీ, ఈసారి నాకు గుబులు పట్టుకుంది. నాన్నను అడిగితే, "ఎప్పుడో వేయించాంలేమ్మా" అని పేపర్లో తల దూర్చారు. మావాడు మిలమిలలాడే ఎరుపు వేయిద్దామన్నాడు. వాడి మాట నేను వినలేదు. క్రీము కారుగా పుట్టింది, క్రీము కారుగానే ఉండాలన్నాను.

కౌల్ బజారులో ఒక పెయింటర్ భాయ్ ఉన్నారు. అరవై దాటిన మనిషి. బండి చుట్టూ ఒకసారి తిరిగి, వేలి కణుపులతో రేకు మీద తట్టుకుంటూ వచ్చారు. పుచ్చకాయ కొనేటప్పుడు తట్టి చూస్తామే, అలాగే. అన్ని చోట్లా టంగుమని మోగింది. వెనక ఎడమ తలుపు దగ్గర మాత్రం దబ్‌మంది. "ఇక్కడ లప్పం మందంగా ఉందమ్మా" అన్నారు. అప్పటికి నేను దాన్ని పట్టించుకోలేదు.

ముందు గీకుడు పని. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి పొడిగా రుద్ది ఆ దుమ్ము పీల్చకూడదు. నీళ్ళు పోసుకుంటూ వాటర్ పేపరుతో రుద్దాలి. సెలవుల్లో నేనూ, మావాడూ కూడా కూర్చుని రుద్దాం. నీలం పొర కింద క్రీము, దాని కింద బూడిద రంగు ప్రైమరు, దాని కింద రేకు. ఆ క్రీము బయటపడుతుంటే నాకు ఏదో తెలిసిన మొహం చూసినట్టనిపించింది. ఎక్కడ తుప్పు పట్టిందో అక్కడ రేకు కోసి అతుకు వేశారు. టింకరింగ్ పని వారం పట్టింది.

ఇక రంగు. ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి. ఏప్రిలంతా గీకుడుకీ అతుకులకీ పోయింది. మే నెల సగానికొచ్చింది. బడి తెరిచేలోగా బండి ఇంటికి రావాలని తొందరపెట్టాను. భాయ్ "తెల్లారుజామున వేద్దామమ్మా" అంటే, "పగలే వేసేయండి, ఎండకు త్వరగా ఆరుతుంది కదా" అన్నాను. సైన్సు టీచరునై ఉండి ఆ మాట అన్నాను! పదకొండు గంటలకు గన్ పట్టారు. సాయంత్రానికి పైకప్పు మీద చెయ్యి వేస్తే గరుకుకాగితంలా ఉంది. బానెట్ మీద బత్తాయి తొక్కలాగా గుంటలు గుంటలు, మధ్యమధ్య సూదిబెజ్జాలు. పైగా సండూరు వైపు నుంచి వచ్చే ఖనిజం లారీల ఎర్రదుమ్ము సన్నగా పరుచుకుని అతుక్కుపోయింది.

ఎందుకలా అయింది? రంగులో థిన్నరు కలిపేది అది పల్చబడి, రేకు మీద పడ్డాక సమంగా పరుచుకోవడానికి. బయట నలభై డిగ్రీలుంటే, నీడలో ఉన్న రేకు కూడా బాగా కాగి ఉంటుంది. గన్‌లోంచి వచ్చిన తుంపర రేకును చేరేలోపే థిన్నరు ఎగిరిపోతుంది. తడి చుక్క పడాల్సిన చోట ఆరిన పొడి పడుతుంది. పరుచుకోదు, గరుకు తేలుతుంది. మందంగా పడిన చోట పైపొర ముందే ఆరి మీగడ కడుతుంది. లోపల మిగిలిన థిన్నరు తర్వాత దాన్ని పొడుచుకుని బయటికొస్తుంది. సూదిబెజ్జాలు అవే. సముద్రం పక్క ఊళ్ళవారి బాధ వేరు. పాత పద్ధతి లాకరు రంగులు వానాకాలంలో వేస్తే, థిన్నరు ఆవిరవుతూ రేకును చల్లబరుస్తుంది, కూజాలో నీళ్ళు చల్లబడ్డట్టే. గాలిలో తేమ ఆ చల్లటి పొర మీద చేరి, రంగు బూజు పట్టినట్టు తెల్లబారుతుంది. మా బళ్ళారిలో తేమకు భయం లేదు. వేడి, దుమ్ము, ఈ రెండింటికే.

భాయ్ నన్నేమీ అనలేదు. "మళ్ళీ రుద్దాలి" అన్నారంతే. పది రోజులు పోయాయి.

రెండోసారి అంతా ఆయన చెప్పినట్టే జరిగింది. ముందురోజు రాత్రి షెడ్డు నేలంతా నీళ్ళు చల్లించారు. గుమ్మానికి తడిపిన గోనెసంచులు కట్టించారు. కంప్రెసరు అడుగున చేరిన నీళ్ళు వదిలేశారు. తెల్లవారుజామున నాలుగున్నరకు అరచెయ్యి రేకుకు ఆనించి చూసి, "ఇప్పుడు చల్లగా ఉంది" అన్నారు. థిన్నరులో నిదానంగా ఆరే రకం తెప్పించారు. ఈ రోజుల్లో వాడేది హార్డెనరు కలిపే రెండు డబ్బాల రంగు. కలిపాక వేడికి అది గిన్నెలోనే గట్టిపడిపోతుంది కాబట్టి కొంచెం కొంచెంగా కలుపుకున్నారు. ఆ హార్డెనరు తుంపర ఊపిరితిత్తులకు చాలా చెడ్డది. మూతికి రుమాలు కట్టుకుంటే చాలదు, దానికి తగిన మాస్కు ఉండాలి. భాయ్ రుమాలు మనిషే. నేను మాస్కు కొనిచ్చి, పెట్టుకునేదాకా గుమ్మం దగ్గర నుంచి కదల్లేదు. తొందరపెట్టిన పాపానికి ఆ మాత్రం పంతులమ్మతనం చూపించక తప్పదనిపించింది. ఎండ ముదిరేలోగా పని ముగిసింది.

ఇప్పుడు ఆ వెనక తలుపు సంగతి. మొదట్లో గీకుతున్నప్పుడే ఆ లప్పం అరచెయ్యి మందాన పెళ్ళగా ఊడి వచ్చింది. కింద రేకులో నిట్టనిలువుగా, సన్నగా, లోతుగా ఒక సొట్ట. మా ఇంట్లో ఈ సొట్టకు ఒక కథ ఉంది. 1987 లో మా డ్రైవరు సిరుగుప్ప రోడ్డులో ఎద్దులబండికి తగిలించాడని, నాన్న అతన్ని పనిలోంచి తీసేశారని. అతనికప్పుడు ఇరవై రెండేళ్ళుంటాయేమో. నన్ను రోజూ బడికి దింపేవాడు. నేను అన్నా అని పిలిచేదాన్ని. ఒకరోజు నుంచి రాలేదు, అంతే. భాయ్ ఆ సొట్టలో వేలు పెట్టి, "ఇది ఎద్దులబండి కాదమ్మా. రివర్సులో తిప్పుతూ రాతి కూసానికి ఆనించారు" అన్నారు. మా పాత మండీ గేటుకు అటూ ఇటూ రాతి కూసాలుండేవి.

ఆ సాయంత్రం నాన్నకు కాఫీ ఇస్తూ భాయ్ అన్నమాట చెప్పాను. నాన్నకు అప్పటికి డెబ్భై తొమ్మిదేళ్ళు. కాఫీ చల్లారిపోయేదాకా పలకలేదు. తర్వాత చెప్పారు. ఆ రోజు బండి తీసింది ఆయనేనట. మండీలో పదిమంది చూస్తుండగా తగిలిందట. ఎవరో "డ్రైవరు ఏడీ?" అన్నారట. ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చి మా తాతతో డ్రైవరు పేరు చెప్పారట. తొమ్మిదేళ్ళు ఎండకు వెలసిన క్రీము మీద కొత్త క్రీము అతుకు వేస్తే ఎప్పటికీ కలవదు, మచ్చలా కనిపిస్తుంది. అందుకని బండి మొత్తానికీ నీలం వేయించేశారు. ముప్పై ఆరేళ్ళు మేం ఎక్కి తిరిగిన నీలం రంగు అది.

రెన్యువల్ దగ్గర ఇబ్బంది కాలేదు. తనిఖీకి వచ్చినాయన ఆర్.సి. చూశారు, బండిని చూశారు, ఒకసారి డిక్కీ తీసి మూశారు. ఇంటికొస్తుంటే నాన్న, "కంప్లి పోదామా?" అన్నారు. ఆ అన్న కంప్లిలో ఉంటున్నాడని ఆయనకు ఎప్పటినుంచో తెలుసు.

పాత బండిలో వేసవి ప్రయాణం తెల్లవారుజామునే. వానలు ఇంకా పట్టలేదు. ఐదింటికి బయల్దేరాం. ముక్కోణపు గ్లాసులు లోపలికి తిప్పేశాం. రెక్సిన్ సీట్ల మీద తువ్వాళ్ళు పరిచాం. తుంగభద్ర కాలవ దగ్గరికొచ్చేసరికి వరిమళ్ళ మీంచి చల్లటి గాలి. ఏసీ బండి నడిపేవాళ్ళకు ఆ గాలి వాసన ఎలా ఉంటుందో నేను చెప్పలేను. కొత్త రంగు మీద పొద్దు పడుతుంటే బానెట్ చివర ఎక్కడుందో కళ్ళు చికిలించి చూడాల్సి వచ్చింది. నాన్న ముందు సీట్లో కూర్చుని నా గేరు మార్పులు తప్పుపడుతూనే ఉన్నారు.

ఆ అన్న ఇంటి ముందే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తల నెరిసింది. ముందు బండిని చూశాడు, తర్వాత మమ్మల్ని. లోపలికి రమ్మన్నాడు. నాన్న రాలేదు, తలుపు పట్టుకుని నిలబడే అన్నారు, "ఆ దెబ్బ నేను వేసిందేరా. నీ పేరు చెప్పాను" అని.

"తెలుసు సావుకారూ" అన్నాడు ఆయన. "ఆ పొద్దు తాళాలు మీ దగ్గరే ఉన్నాయి కదా. నా చేతికియ్యలేదు."

నాన్న నోట మాట రాలేదు. ఆయనా ఏమీ అనలేదు. వెనక తలుపు దగ్గరికి వెళ్ళి అరచేత్తో పైనుంచి కిందికి నిమిరి చూశాడు. "పని బాగా చేసినారు" అన్నాడు. క్షమించాడా లేదా అని నేను అడగలేదు, అడిగే హక్కు నాకు లేదనిపించింది. మజ్జిగ తెప్పించాడు, తాగాం. లారీ మీద పదకొండేళ్ళు, తర్వాత సొంత ట్రాక్టరు మీద పనిచేశానని చెప్పాడు. నేను ఏ క్లాసు చెబుతానో అడిగాడు.

బయల్దేరేసరికి పది దాటింది. నేను తాళం తిప్పితే ఇంజను కుయ్ మని మూలిగి ఆగిపోయింది. ఇంకోసారి తిప్పినా అంతే. ఈ బళ్ళకు పెట్రోలు పంపు ఇంజనుకు ఆనుకునే ఉంటుంది. ఎండకూ ఇంజను వేడికీ అందులో పెట్రోలు ఆవిరైపోతే పంపు దాన్ని లాగలేదు. నాకు తెలిసిన విషయమే. తడిగుడ్డ తెచ్చుకోవడం మాత్రం మరిచాను.

ఆయన లేచి కుళాయి దగ్గరికి వెళ్ళాడు. భుజం మీది తువ్వాలు తడిపి, పిండకుండానే తెచ్చి, బానెట్ ఎత్తి పంపు చుట్టూ చుట్టాడు. "ఐదు నిమిషాలు ఉండు పాపా, తొందరపడొద్దు" అన్నాడు. నాన్న వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డారు. ఇద్దరూ బానెట్‌లోకి చూస్తూ నిలబడ్డారు. తువ్వాలులోంచి నీళ్ళు బొట్లు బొట్లుగా నేల మీద పడి, పడ్డచోటే ఇంకిపోతున్నాయి. ఐదు నిమిషాలయ్యాక ఆయన నా వైపు తిరిగి చెయ్యి ఊపాడు. తాళం తిప్పాను. బండి అందుకుంది. ఆ తువ్వాలు ఇంకా మా డిక్కీలోనే ఉంది, ఉతికి ఆరేసి పెట్టాను. ఈ సెలవుల్లో ఒక తెల్లవారుజామున తిరిగిచ్చి రావాలి.