చూరునీటి దారి



నేడు నేను ముచ్చటింపనున్న విషయము చిన్నది. ఇంటి చూరునకు కట్టిన దోనెను, మిద్దెకు పెట్టిన తూమును ఎప్పుడు, ఎట్లు శుభ్రపరచవలె ననునదే ఆ విషయము. దాని నలక్ష్యము చేసినచో గోడ కూలును. తొందరపడి చేసినచో మనిషి పడును. గోడను మరల కట్టుకొనవచ్చును గాని పోయిన మనిషిని తేలేము గదా!

మొదట నీటి లెక్క చూతము. ఒక చదరపు మీటరు కప్పుపై ఒక మిల్లీమీటరు వాన కురిసినచో ఒక లీటరు నీరగును. 60 చదరపు మీటర్ల కప్పుపై ఒక్క సాయంకాలమున 50 మిల్లీమీటర్ల వాన పడినచో 3,000 లీటర్లు, అనగా మూడు టన్నుల నీరు, క్రిందికి దిగవలసి యుండును. దారి యున్నచో ఆ నీరు గొట్టముగుండ పోవును. దారి లేనిచో గోడలోనికి దిగును.

మన వికారాబాదు, తాండూరు ప్రాంతములలో ఈ దారి మూసికొనిపోవుటకు కారణములు వేరువేరుగా నున్నవి. వికారాబాదునకు అనంతగిరి అడవి దాపున నున్నది. వేసవిలో రాలిన ఆకు గాలికి కొట్టుకొనివచ్చి, బెంగుళూరు పెంకుల చూరు క్రింది రేకుదోనెలో చేరి, తొలకరికి నాని బురద యగును. తాండూరున ఆకుతోపాటు రాతిధూళియు కలదు. బండలను కోసి నునుపుచేయు కార్ఖానాల చెంతనున్న ఇండ్లపై ఆ ధూళి పడి, తడిసి, మరల ఎండి గట్టిపొరగా పేరుకొనును. బండలు పరచిన మిద్దెపై, పిట్టగోడ అడుగున నుండు తూమునోట గుడ్డపీలిక యొక్కటి అడ్డుపడినను మిద్దె చెరువగును. ఆ నీరు బండల నడిమి దర్జలగుండ ఇంటిలోనికి దిగును.

నేల సంగతియు గమనింపుడు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ కందిని పండించు నల్లరేగడి పైరునకు మేలు చేయును గాని పునాదికి చేయదు. తడిసిన ఉబ్బును, ఎండిన పగులును. చూరునీరు ఏటేట ఒకేచోట పడుచున్నచో అచ్చటి నేల ఉబ్బుచు కుంగుచు గోడను నెఱ్ఱెలు విచ్చునట్లు చేయును. మట్టిగోడయైనచో అడుగు నాని ఒరిగిపోవును. వానకాలపు రాత్రి గోడ కూలి నిద్రించువారు మరణించిరను వార్తను మనము ఏటేట వినుచున్నాము.

కావున రోహిణికార్తె ముగియక మునుపే ఈ పని కావలెను. జూన్ 7, 8 తేదీలకు మృగశిర ప్రవేశించును. ఆపై తడిసిన పెంకు జారును. నిచ్చెన కాలు బురదలో దిగును. ఉదయపు చల్లని వేళ, గాలి లేనప్పుడు పని ప్రారంభింపుడు. వానలు పట్టిన పిదప నెలకొకమారు క్రిందినుండి చూచినను చాలును. దోనె అంచు పొంగుచున్నచో, గోడపై పచ్చని చారిక కనిపించుచున్నచో, దారి మూసికొన్నదని తెలిసికొనుడు.

పైకెక్కుటకు ముందు కన్నులెత్తి కరెంటు తీగ ఎచ్చట నున్నదో చూడుడు. తీగ దగ్గరనున్నచో ఇనుపనిచ్చెన అసలే వలదు. తడిసిన వెదురుగూడ విద్యుత్తును ప్రవహింపజేయును. అట్టిచోట విద్యుచ్ఛాఖవారికి తెలిపి, తీగలో ప్రవాహము ఆపించిన పిదపనే పని సాగింపవలెను.

నిచ్చెన నాలుగు మూరల ఎత్తునకు ఆనినచో దాని కాలు గోడనుండి ఒక మూర దూరమున నుండవలెను. పైకొన చూరును మించి రెండు మూరలు నిలువవలెను. దానిని గోడకు ఆనింపవలెను గాని దోనెకు ఆనింపరాదు. దోనె మనిషి బరువునకు ఆగదు. మన వాకిండ్లలో పరచిన నున్నని బండపై నిచ్చెన సులభముగా జారును. గోనెసంచి పరచినంతమాత్రమున చాలదు. కాలిని త్రాటితో గుంజకు కట్టి, ఒక మనిషి క్రింద పట్టుకొని నిలువవలెను. పెంకుపైగాని సిమెంటురేకుపైగాని కాలు మోపరాదు. అవి ఫెళ్లున విరుగును.

దోనెలో చేయి పెట్టక మునుపు కర్రతో కదల్చి చూడుడు. ఎండిన ఆకులో తేలు దాగి యుండవచ్చును. చూరున కందిరీగల పట్టు ఉండవచ్చును. తాపీతో తీసిన చెత్తను త్రాటికి కట్టిన బకెట్టులో వేసి దింపుడు. చేయి చాచినను అందనిచోటికి ఒరుగక, దిగి నిచ్చెనను జరుపుకొనుడు. దోనెలో మొలచిన రావిమొక్కను లేతగా నుండగనే వేరుతో పెరుకుడు. కడకు ఒక బిందె నీరు పోసి, అది గొట్టమున దిగుచున్నదో లేదో చూడుడు. నీరు నిలిచినచో వారము పదిదినములలో దోమలు పుట్టును.

గొట్టమునుండి వచ్చు నీటిని గోడమొదట విడువక, దూరముగా త్రవ్విన ఇంకుడుగుంతకు కాలువ తీయుడు. ఆ నీరు మన బావులకే చేరును.

పెద్దలకు నాదొక విన్నపము. మీరు నిచ్చెన ఎక్కవలదు. పది అడుగుల ఎత్తునుండి పడినను వెన్నెముక విరుగవచ్చును. ముదిమిలో విరిగిన తుంటి మనిషిని మంచమునకు కట్టివేయును. పిల్లవానిని ఒంటరిగా ఎక్కింపవలదు. కూలివానిని పిలిచినప్పుడు "తొందరగా కానిమ్ము" అనవలదు. వాని ఇంటను వానికొరకు ఎదురుచూచువా రుందురు. మీరు క్రింద నిలిచి, నిచ్చెన కుదురుగా నున్నదా, తీగ దూరముగా నున్నదా అని చూచి, "నెమ్మదిగా చేయుము" అని చెప్పుడు. ఊరిలో మీ మాటకు విలువ కలదు. ఈ మాటను తొలకరికి ముందే పది ఇండ్లవారికి చెప్పుడు.

సెలవు.