విమానానికి కర్రపెండలం ఏదో తెలీదు



నాకిచ్చిన టైము తక్కువ, అందుకని ఒక్క సంగతే మాట్లాడతాను. మత్తుమందుల మీద యుద్ధం పేరుతో అమెరికా కొలంబియాకి ఇచ్చిన సాయం గురించి. అంత దూరం గొడవ మనకెందుకు అనుకోవద్దు. ఆ డబ్బు చివరికి పోయి పడింది ఆదివాసీల పొలాల మీద.

అక్కడి కొండల్లో కోకా ఆకు నమలడం వేల ఏళ్ల అలవాటు. మన పెద్దవాళ్లు ఆకూవక్కా వేసుకున్నట్టే. కొకెయిన్ సంగతి వేరు. ఆకుని పెట్రోలు, సిమెంటు, యాసిడ్‌లతో కలిపి సారం లాగితే వచ్చే సరుకది. అయినా 1961 ఐక్యరాజ్యసమితి ఒప్పందం ఆకునీ పొడినీ ఒకే గాటన కట్టి, పాతికేళ్లలో నమలడం కూడా మానిపించాలంది. నమిలేవాళ్లని ఎవరైనా అడిగారా? లేదు.

2000లో అమెరికా ‘ప్లాన్ కొలంబియా’కి డబ్బివ్వడం మొదలుపెట్టింది. మొదటి విడత 130 కోట్ల డాలర్లు, అందులో ఎక్కువ భాగం కొలంబియాకే. సాయం అనగానే బడి, ఆసుపత్రి, రోడ్డు అనుకుంటాం కదా. సింహభాగం సైన్యానికీ పోలీసులకీ పోయింది. బ్లాక్ హాక్ హెలికాప్టర్లు అమెరికా కంపెనీవే. విమానాల్లో మందు చల్లే కాంట్రాక్టు డిన్‌కార్ప్ అనే అమెరికా కంపెనీదే. పేరు కొలంబియాది, బిల్లు మాత్రం మళ్లీ అమెరికాకే చేరింది.

ఆ ఏడాది డిసెంబర్‌లో పుటుమాయోలో చల్లడం మొదలెట్టారు. మందు గ్లైఫోసేట్, మనవాళ్లు కూడా కలుపుకి కొట్టేదే. పైనుంచి పోయే విమానానికి కోకా ఏదో కర్రపెండలం ఏదో ఏం తెలుస్తుంది? కోఫాన్ ఆదివాసీల అరటి, మొక్కజొన్న, కర్రపెండలం కూడా మాడిపోయాయి. తిండి పంట పోయినవాడు ఏం చేస్తాడు? ఇంకా లోపలికి పోయి, అడవి కొట్టి, మళ్లీ కోకానే వేస్తాడు. ఎందుకంటే కోకా కొనేవాడు ఊళ్లోకొచ్చి చేతిలో డబ్బు పెడతాడు. అరటి గెల అమ్మాలంటే పడవ మీద వేసుకుని సంత దాకా పోవాలి. రోడ్డు లేని ఊరి లెక్క నేను మీకు చెప్పక్కర్లేదు.

ఫలితం? అమెరికా సొంత ఆడిట్ సంస్థే 2008లో చెప్పింది: ఆరేళ్లలో మత్తుమందుని సగానికి తగ్గిస్తామన్నారు, కానీ 2000 నుంచి 2006కి కోకా సాగు 15 శాతం పెరిగింది. నల్లమందు పంట సగం తగ్గిన మాట నిజమే, అదీ చెప్పాలి. తర్వాత కొన్నేళ్లు కోకా కూడా తగ్గింది, మళ్లీ లేచింది. ఐక్యరాజ్యసమితి లెక్కలో 2000లో 1.63 లక్షల హెక్టార్లు, 2023లో 2.53 లక్షలు. వందల కోట్ల డాలర్లు పోసినాక ఇదీ సంగతి.

2015లో గ్లైఫోసేట్ క్యాన్సర్ తెచ్చే అవకాశముందని ప్రపంచ ఆరోగ్య సంస్థ విభాగం ఒకటి తేల్చాకే చల్లడం ఆపారు. పదిహేనేళ్లుగా ఆ ఊళ్లవాళ్లు ఒంటి మీద దద్దుర్లు చూపించి చెప్తుంటే మాత్రం ఆపలేదు.

సరిహద్దు అవతల ఈక్వడార్ అంతర్జాతీయ న్యాయస్థానంలో కేసు వేస్తే, 2013లో కొలంబియా కోటిన్నర డాలర్లిచ్చి రాజీ చేసుకుంది. దేశం కాబట్టి వేయగలిగింది. ఇవతలి రైతు మాత్రం పోలీసుల దగ్గరికే అర్జీ పట్టుకుపోయి, నా చేలో కోకా లేదని తనే రుజువు చేసుకోవాల్సి వచ్చేది. ఆ అర్జీల్లో చాలావాటిని కొట్టేశారు.