పెద్దల దగ్గర కూర్చోవాల్సిన సమయం
(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను జ్ఞాపకం గురించి మాట్లాడమన్నారు. పరీక్షలకు చదివింది ఎలా గుర్తుంచుకోవాలో చెబుతానని మీలో కొందరు అనుకుని ఉంటారు. అది కాదు. మన పెద్దలు తాము పడ్డ కష్టాన్ని ఎలా గుర్తుపెట్టుకున్నారు, ఆ గుర్తు వాళ్లను ఏం చేసింది, దాన్ని మనం ఎలా అందుకోవాలి అన్నదే ఇవాళ్టి మాట.

ఇంద్రవెల్లి సంగతే తీసుకుందాం. 1981 ఏప్రిల్ 20, సోమవారం, సంత రోజు. భూముల పట్టాలు, అటవీ శాఖ వేధింపులు, షావుకార్ల మోసాల మీద గిరిజన రైతు కూలీ సంఘం సభ పెట్టుకుంది. దానికి అనుమతి లేదన్నారు. ఆ కబురు చేరని గూడేల నుంచి జనం నడిచి వచ్చారు. పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్క ప్రకారం చనిపోయింది 13 మంది. మన గూడేల్లో చెప్పుకునే లెక్క దానికంటే చాలా ఎక్కువ.

అక్కడ కట్టిన స్థూపాన్ని 1986లో పేల్చేశారు. తర్వాత మళ్లీ కట్టారు. కానీ చాలా ఏళ్లపాటు ఏప్రిల్ 20 వచ్చిందంటే 144 సెక్షన్. పోయినవాళ్ల కోసం పదిమందీ ఒకచోట చేరి ఏడ్వడానికి కూడా లేదు. ఇంట్లో చావు జరిగితే మనం ఏం చేస్తాం? చుట్టాలొస్తారు, ఏడుస్తారు, పోయిన మనిషి గురించి చెప్పుకుంటారు. అలా చెప్పుకోగా చెప్పుకోగా బాధ ఒక కథలాగా కుదురుకుంటుంది. చెప్పుకోనివ్వకపోతే అది కథ కాదు, ముక్కలుగానే ఉండిపోతుంది. ఒక చప్పుడు, ఒక వాసన, ఖాకీ బట్ట కనిపిస్తే చాలు, ఆ ముక్క పైకి లేస్తుంది. జీపు చప్పుడు వినగానే లోపలికి వెళ్లి కూర్చునే తాతను "పిరికివాడు" అనుకునే మనవళ్లు ఉంటారు. వాళ్లకు ఎవరూ ఏమీ చెప్పలేదు మరి. పిల్లలకు భయం అంటకూడదని పెద్దలు నోరు మూసుకున్నారు. భయం మాత్రం పిల్లలకు అంటింది, కారణమే అందలేదు.

ఇప్పుడు ఒక లెక్క వేయండి. ఆ రోజు ఇరవై ఏళ్లున్న మనిషికి ఈ రోజు అరవై దాటింది. మనస్తత్వ శాస్త్రవేత్తలు గమనించిన సంగతి ఒకటుంది: ముసలితనంలో మనిషికి బాగా గుర్తుండేవి దాదాపు పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య జరిగినవి. పొద్దున ఏం తిన్నారో మరచిపోయే అవ్వ పెళ్లినాటి చీర రంగు చెబుతుంది కదా, అలాగ. కాబట్టి ఇంద్రవెల్లిని కళ్లారా చూసినవాళ్లలో మిగిలినవాళ్ల దగ్గర ఆ జ్ఞాపకం ఇంకా గట్టిగానే ఉంది. వాళ్లే తగ్గిపోతున్నారు.

సరే, వెళ్లి అడిగితే సరిపోతుందా? ఇక్కడ కొంచెం ఆగాలి. మన తలలో జ్ఞాపకం ఫోన్లో వీడియోలాగా ఉండదు. గుర్తుచేసుకున్న ప్రతిసారీ మనసు దాన్ని కొంత కొత్తగా కడుతుంది.

ఇంగ్లండులో బార్ట్‌లెట్ అనే ఆయన 1932లో దీని మీదే ఒక పుస్తకం వేశాడు. ఉత్తర అమెరికా ఆదివాసుల దగ్గర సేకరించిన ఒక దయ్యాల యుద్ధం కథను అక్కడి చదువుకున్నవాళ్లకు ఇచ్చి, కొన్నాళ్లయ్యాక గుర్తున్నంత రాయమన్నాడు. కథలో ఆదివాసులు సముద్రపు సీళ్ల వేటకు వెళ్తారు. వీళ్ల రాతల్లో అది చేపలు పట్టడం అయిపోయింది. ఆదివాసుల తెప్పదోనె మామూలు పడవ అయింది. దయ్యాల సంగతి అర్థంకాక చాలామంది దాన్నే వదిలేశారు. ఎవరూ అబద్ధం రాయాలనుకోలేదు. తమకు తెలిసిన అచ్చులోకి కథను ఒత్తారు, అంతే. మన సంగతులు బయటివాళ్లు రాసినప్పుడు ఏం జరుగుతుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

రెండోది అమెరికాలో 1974లో లాఫ్టస్, పామర్ చేసిన పరీక్ష. కార్లు ఢీకొన్న సినిమా ముక్క చూపించారు. కొందరిని "కార్లు తగిలినప్పుడు ఎంత వేగంతో ఉన్నాయి" అని, కొందరిని "తుక్కుతుక్కుగా గుద్దుకున్నప్పుడు ఎంత వేగం" అని అడిగారు. వారం తర్వాత "పగిలిన అద్దం చూశారా" అని అందరినీ అడిగారు. అసలు సినిమాలో పగిలిన అద్దమే లేదు. అయినా "తగిలినప్పుడు" అని విన్న 50 మందిలో 7గురు, "తుక్కుతుక్కుగా" అని విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. అడిగిన మాట జ్ఞాపకంలోకి దూరిపోయింది.

దీన్ని పట్టుకుని "చూశారా, మీ ముసలోళ్లు చెప్పేది నమ్మకూడదు" అనేవాళ్లు ఉంటారు. వాళ్లకు నా జవాబు ఇది: కాగితం మీద ఉన్న 13 కూడా ఎవరో ఒకరు అడిగి, ఎవరో ఒకరు రాసిందే. ఏ మాటతో అడిగారు, ఎవరిని అడిగారు అన్న ప్రశ్న దానికీ వర్తిస్తుంది.

మన జనానికి తనదైన గుర్తుపెట్టుకునే పద్ధతి ఉంది. కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో పడిపోయాడు. తారీఖు దగ్గరికొస్తే ఒకచోట సెప్టెంబరు అని, ఇంకోచోట అక్టోబరు అని కనిపిస్తుంది. జనం మాత్రం ఆశ్వయుజ పౌర్ణమి నాడే వర్ధంతి చేస్తున్నారు. క్యాలెండరు లేని ఇంట్లో కూడా నిండు చంద్రుడు కనిపిస్తాడు. మెస్రం వాళ్లు పుష్యమాసంలో నాగోబా కోసం కేస్లాపూర్ నుంచి గోదావరి దాకా కాలినడకన వెళ్లి నీళ్లు తెస్తారు. దారి కాళ్లకే గుర్తు. ప్రధాన్లు కిక్రీ వాయిస్తూ వంశాల కథ చెబుతుంటే ఎదురుగా ఆ వంశం పెద్దలే కూర్చుని వింటారు. వినేవాళ్లకు కథ తెలుసు కాబట్టి చెప్పేవాడు ఇష్టమొచ్చినట్లు మార్చలేడు. ఒక్కరి తలలో ఉన్న జ్ఞాపకం జారుతుంది. పదిమంది ముందు చెప్పేది అంత తొందరగా జారదు.

ఇప్పుడు భీం అనగానే మీకు 2022లో వచ్చిన సినిమాలోని మొహమే కనిపిస్తుంది కదా? నవ్వకండి, నాకూ అలాగే కనిపిస్తోంది! అందులో భీం, అల్లూరి స్నేహితులు. అది కల్పన అని సినిమా తీసినవాళ్లే చెప్పారు. సినిమాగా చూడండి, తప్పులేదు. కానీ మీ పిల్లలకు జోడేఘాట్ గురించి చెప్పేటప్పుడు ఏది ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలిసి ఉండాలి.

ఇక పని మాట. పెద్దల దగ్గరికి వెళ్లినప్పుడు "పోలీసులు ఎంతమందిని చంపారు తాతా" అని మొదలుపెట్టకండి. "ఆ రోజు పొద్దున లేచింది మొదలు చెప్పు" అనండి. సంతకు ఏం పట్టుకెళ్లారు, ఎవరితో నడిచారు, ఏ దారిన తిరిగి వచ్చారు, ఇవే అడగండి. గోండిలో మాట్లాడే మనిషిని గోండిలోనే మాట్లాడనివ్వండి, తెలుగు తర్వాత చేసుకోవచ్చు. "కాదు తాతా, పేపర్లో ఇలా ఉంది" అని మధ్యలో దిద్దకండి. తాను చూసింది ఏది, తర్వాత విన్నది ఏది అని చివర్లో మెల్లగా అడగండి. చాలామంది వేరుచేసి చెప్పగలరు.

గొంతు పట్టుకుపోతే, చేతులు వణికితే రికార్డింగు ఆపేయండి. మీ ఫైలు కోసం ఆ మనిషిని మళ్లీ ఆ మైదానంలోకి తోసే హక్కు మనకు లేదు. ఇంట్లో ఇంకెవరైనా పక్కన ఉండేలా చూడండి. రాత్రి నిద్రపట్టిందా లేదా అని మర్నాడు వెళ్లి కనుక్కోండి. చెప్పను అంటే వదిలేయండి. పేరు బయటపెట్టవద్దంటే పెట్టకండి.

రాసింది అయ్యాక తిరిగి ఆ ఇంటికే వెళ్లి చదివి వినిపించండి, వీలైతే ఆ రోజు అక్కడ ఉన్న మరో ఇద్దరిని కూర్చోబెట్టి. ఒకరి మాట ఇంకొకరి మాటతో కలవకపోతే రెండూ రాయండి. పేర్లు గుంజాల గోండి లిపిలో కూడా రాసుకోవచ్చు, 2018లోనే అది యూనికోడ్‌లోకి వచ్చింది. ఒక ప్రతి సంఘానికి ఇవ్వండి, ఒకటి పటేల్ దగ్గర పెట్టండి, ఒకటి చెప్పిన మనిషి ఇంట్లో. వాట్సాప్‌లో పెట్టే ముందు మాత్రం ఆ ఇంటివాళ్లను అడగండి.