ఫార్మసిస్టులకు ఆన్‌లైన్ కోర్సులు: సర్టిఫికెట్ సరే, పని చేతికొచ్చిందా?

ఈ మధ్య నన్ను చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "సార్, షాపు వదిలి వెళ్లలేం. ఉన్నచోటే క్లినికల్ స్కిల్స్ నేర్చుకోవాలంటే ఏ ఆన్‌లైన్ కోర్సు మంచిది? సర్టిఫికెట్ ఇస్తారా?" అడిగేవాళ్లలో డి.ఫార్మసీ చేసి ఇరవై ఏళ్లుగా మెడికల్ షాపు నడుపుతున్నవాళ్లున్నారు, ఆసుపత్రి ఫార్మసీలో నైట్ డ్యూటీలు చేసేవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఈ ఎపిసోడ్‌లో దీని గురించే మాట్లాడుకుందాం.

ముందు సర్టిఫికెట్ సంగతి. మన దేశంలో 2015లో ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ వచ్చాయి. రిజిస్ట్రేషన్ రెన్యువల్ కావాలంటే ఐదేళ్లలో కనీసం 2 రిఫ్రెషర్ కోర్సులకు హాజరు కావాలని అందులో ఉంది. కాబట్టి ఏ కోర్సుకైనా డబ్బు కట్టేముందు, అది లెక్కలోకి వస్తుందా లేదా అని మీ రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌నే అడగండి. అయితే అవే రెగ్యులేషన్స్ ఇంకో మాట కూడా చెప్తాయి. మందు దేనికి, ఎంత, ఎలా, ఎన్నాళ్లు వాడాలి, ఎలా దాచుకోవాలి, ఒక పూట మర్చిపోతే ఏం చేయాలి, ఇవన్నీ పేషెంట్‌కి చెప్పడం ఫార్మసిస్ట్ బాధ్యత అని. ఈ పనికి ఆన్‌లైన్ చదువు ఉపయోగపడుతుందా అన్నదే అసలు ప్రశ్న.

నన్నడిగితే, ఉపయోగపడుతుంది, కానీ సగం దూరమే తీసుకెళ్తుంది. మిగతా సగం కౌంటర్ దగ్గర మనమే నడవాలి. మూడు ఉదాహరణలు చెప్తాను, చూడండి.

మొదటిది ఇన్సులిన్. మన దగ్గర మిల్లీలీటరుకి 40 యూనిట్ల వయల్ ఉంది, 100 యూనిట్లదీ ఉంది. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ రంగు మూత సిరంజి. 100 యూనిట్ల ఇన్సులిన్‌ని ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగారనుకోండి, లోపలికి వెళ్లేది 20 యూనిట్లు కాదు, 50. మనిషికి షుగర్ పడిపోయి ప్రాణం మీదకి వస్తుంది. ఇది వీడియోలో చూస్తే ఐదు నిమిషాల్లో అర్థమైపోతుంది. కానీ సాయంత్రం ఏడింటికి కౌంటర్ ముందు పదిమంది నిలబడి ఉన్నప్పుడు, వయల్‌నీ సిరంజినీ పక్కపక్కన పెట్టి చూసే అలవాటు ఉందా? ఆ అలవాటే స్కిల్ అంటే.

రెండోది ఇన్‌హేలర్. నొక్కితే స్ప్రే వచ్చే రకంలో బాగా ఊపి, గాలి పూర్తిగా వదిలేసి, పెదాలు బిగించి, నెమ్మదిగా పీల్చడం మొదలుపెడుతూ నొక్కాలి. తర్వాత పది సెకన్లు ఊపిరి బిగపట్టాలి. క్యాప్సూల్ పెట్టి పొడి పీల్చే రకంలో పద్ధతి వేరు, అందులో గట్టిగా, వేగంగా లాగాలి. ఈ తేడా చెప్పకపోతే రెండూ ఒకేలా వాడేస్తారు. ఆ క్యాప్సూల్‌ని నీళ్లతో మింగేసేవాళ్లూ ఉన్నారు! ఇది చూసి నేర్చుకునేది కాదండి, చేసి నేర్చుకోవాల్సింది. మందు లేని డెమో ఇన్‌హేలర్ ఒకటి దగ్గర పెట్టుకుని, తోటి ఫార్మసిస్ట్ ముందు చేసి చూపించండి. తప్పులు వాళ్లని పట్టమనండి.

మూడోది మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి, సోరియాసిస్‌కి వారానికి ఒక్కరోజు వేసుకునే మందు. రోజూ వేసుకుంటే నోట్లో పుండ్లు, రక్తకణాలు పడిపోవడం, చివరికి మరణం దాకా వెళ్లొచ్చు. ఇలాంటి వాటిలో ఆన్‌లైన్ కోర్సు బాగా పనికొస్తుంది. ఒక చీటీ చూపించి, "ఇందులో ప్రమాదం ఎక్కడుంది?" అని అడిగితే మన కన్ను పదునెక్కుతుంది. తర్వాత పని మనది. కవరు మీద "వారానికి ఒక్కసారే, సోమవారం" అని తెలుగులో పెద్దగా రాయాలి. చీటీలో రోజూ అని ఉంటే, మనమే మార్చకుండా డాక్టర్‌కి ఫోన్ చేసి అడగాలి.

ఇప్పుడు కోర్సు ఎలా ఎంచుకోవాలో చెప్తాను. మూడు విషయాలు చూడండి. ఒకటి, స్లైడ్లు చదివి వినిపించడమేనా, లేక నిజమైన చీటీల్లాంటి కేసులు ఇస్తున్నారా? రెండు, మీరు మాట్లాడే తీరు, చేసే పని వీడియో తీసి పంపితే చూసి సరిదిద్దేవాళ్లున్నారా? మూడు, చివర్లో వెంటనే పెట్టే క్విజ్ మాత్రమేనా, నెల తర్వాత మళ్లీ అడుగుతారా? ఈ మూడూ లేని కోర్సు సర్టిఫికెట్ ఇస్తుందేమో గానీ నేర్పు ఇవ్వదు.

"టైమ్ ఎక్కడుంది సార్, ఓనర్ ఊరుకోడు" అంటారు. నిజమే. అందుకే ఒకేసారి పది విషయాలు వద్దు. వారానికి ఒక్కటి. ఆదివారం ఇరవై నిమిషాలు పాఠం వినండి, సోమవారం నుంచి శనివారం దాకా ఆ ఒక్కదాన్నే కౌంటర్ దగ్గర పాటించండి. మందు ఇచ్చాక, "అర్థమైందా అమ్మా?" అని అడగకండి. అర్థం కాకపోయినా అందరూ తలూపుతారు. దానికి బదులు, "ఇంటికెళ్లాక ఎలా వాడతారో నాకోసారి చెప్పండి పెద్దమ్మా" అనండి. అర నిమిషం పడుతుంది. ఆవిడ చెప్పేదాంట్లోనే మీరేం వదిలేశారో తెలిసిపోతుంది. దాన్ని ఒక నోట్‌బుక్‌లో రెండు ముక్కలు రాసుకోండి, పేషెంట్ పేరు మాత్రం రాయొద్దు. మూడు నెలలకి ఆ నోట్‌బుక్ ఏ కోర్సుకీ తీసిపోదు.

ఊళ్లల్లో చాలామందికి డాక్టర్ కంటే ముందు కనపడేది మనమే. డాక్టర్ రాసిన మందు ఇంటికెళ్లేముందు చివరిగా చూసేదీ మనమే. మన తర్వాత ఇంకెవరూ సరిచూడరు. ఈ వారానికి మీ పని ఇది: ఇన్‌హేలర్ కోసం వచ్చిన ముగ్గురిని, మీ ముందే వాడి చూపించమనండి. ఏం గమనించారో కామెంట్లలో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో థైరాయిడ్ మాత్రకీ కాల్షియం మాత్రకీ మధ్య నాలుగు గంటల ఎడం ఎందుకు ఉండాలో మాట్లాడుకుందాం. ఉంటానండి, నమస్కారం.