అంగడి పోయినా బొమ్మ మిగిలింది

వీడియో గేమ్ యంత్రాలను సొంతంగా తయారుచేసిన జపాన్ సంస్థ సెగా, 2001 జనవరిలో ఆ పని మానుకుంటున్నట్లు ప్రకటించింది. 1998లో విడుదలైన దాని చివరి యంత్రం డ్రీమ్‌కాస్ట్ నష్టాలే మిగిల్చింది. 1991 నుంచి పోటీ సంస్థ నింటెండోవారి మారియోకు పోటీగా నిలిపిన నీలి ముళ్లపంది సోనిక్‌ను, 2001 చివరికల్లా నింటెండో యంత్రం గేమ్‌క్యూబ్ మీదికే పంపింది. ఇది లొంగుబాటు కాదా అంటారు. యంత్రాల పోటీలో ఓటమే, కాదనలేం. కానీ జనం ప్రేమించింది పెట్టెను కాదు, సోనిక్‌ను. ఆ పాత్ర మీద హక్కు సెగా చేతిలోనే ఉంది.

మన కొండపల్లినే చూడండి. తెల్లపొణికి చెక్కతో మలిచి, రంపపుపొట్టు, చింతగింజల పిండి కలిపిన మక్కుతో భాగాలు అతికి, రంగులద్దిన అంబారీ ఏనుగు లేపాక్షి హస్తకళల దుకాణంలో అమ్ముడైనా కొండపల్లి బొమ్మే. అంగడివాడికి వాటా పోదా? పోతుంది, అయితే అంగడి నడిపే భారం తప్పుతుంది. అసలు ప్రమాదం పనితనం తగ్గడంలో ఉంది. 2006లో హడావిడిగా తెచ్చిన సోనిక్ ఆట లోపాలతో సెగా పేరు చెడగొట్టింది. 2013లో పెర్సోనా ఆటలు తయారుచేసే అట్లస్ సంస్థను కొనడం మాత్రం మంచి ఎంపిక. ఎవరి అంగడిలో అమ్మినా పరవాలేదు. పనితనంలో మాత్రం రాజీ పడకూడదు.