పరిహారం దయ కాదు, హక్కు

(బనగానపల్లెలో పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను ప్రభుత్వం దయతలచి ఇచ్చే బహుమానం కాదనీ, చేసిన సేవకు దక్కవలసిన హక్కనీ తీర్పు చెప్పింది. పెన్షను ఎరుగని కూలివాడికి కూడా అలాంటి హక్కు ఒకటి ఉంది. పనిలో ప్రమాదం జరిగితే అందవలసిన నష్టపరిహారం అది. కార్మిక శాఖలో సహాయ కమిషనరుగా, తరువాత ఉప కమిషనరుగా ఆ కేసులు విచారించినవాడిని కనుక, దాని గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు కోరారు.

బయటి ఊళ్లవారికి బనగానపల్లె అంటే మామిడిపండు. మా కార్యాలయంలో మాత్రం బనగానపల్లె, బేతంచెర్ల అంటే నాపరాయి. గనుల్లో బండలు మీద పడటం, పాలిష్ ఫ్యాక్టరీల్లో వేళ్లు తెగటం, లోడు లారీ బోల్తాపడటం - ఈ ఫైళ్లే ఎక్కువ.

కార్మికుల నష్టపరిహార చట్టం 1923లో వచ్చింది. 1924 జులై 1 నుంచి అమలైంది. యజమాని తప్పు ఉందని కార్మికుడు రుజువు చేయనక్కరలేదు. పని కారణంగా, పని చేస్తుండగా దెబ్బ తగిలిందని చూపిస్తే చాలు. ఈ తగాదాలను సివిలు కోర్టుల పరిధి నుంచి తప్పించి కమిషనరుకు అప్పగించారు. పరిహారం ఎంతో తేల్చటానికి వయసు, జీతం, వైకల్యం చాలు. బొటనవేలు పోతే సంపాదనా శక్తిలో 30 శాతం, చూపుడువేలు మొత్తం పోతే 14 శాతం నష్టమని పట్టికలోనే ఉండేది. అయితే పట్టికతోనే అన్నీ తేలవు. ఎడమచేయి పోగొట్టుకున్న ఒక వడ్రంగి కేసులో, అతను ఇక వడ్రంగం చేయలేడు కనుక అది పూర్తి వైకల్యమేనని 1976లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రమాదం జరిగిన రోజునుంచే పరిహారం బాకీ పడుతుందని కూడా ఆ తీర్పే చెప్పింది.

1997లో నా ముందుకు వచ్చిన ఒక కేసు చెబుతాను. ఒక గనిలో బండ జారిపడి ముప్పై ఏళ్ల కూలివాడు చనిపోయాడు. ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని, కాంట్రాక్టరు చేత ఇరవై వేలు ఇప్పించి, ఇక ఏ బాకీ లేదని స్టాంపు కాగితం మీద భార్య వేలిముద్ర వేయించారు. ఆ కాగితం సంగతి నేను అడిగితే ఆమె, "నాకేం తెలుసు సామీ, పెద్దోళ్లు ఏయమన్నారు, ఏసినా" అన్నది.

యజమాని తరఫున మూడు వాదాలు వచ్చాయి. మనిషి కాంట్రాక్టరు తాలూకు, మాకు సంబంధం లేదన్నారు. ఆ రోజు తాగి ఉన్నాడన్నారు. రాజీ అయిపోయిందన్నారు. మూడూ నిలవలేదు. కాంట్రాక్టరు కూలీలకూ అసలు యజమానే బాధ్యుడు. మరణం సంభవించినప్పుడు తాగాడన్న వాదం పనికిరాదు. హక్కు వదులుకున్నట్లు రాయించుకున్న కాగితం చెల్లదు. మరణ పరిహారం కమిషనరు వద్దే జమ చేయాలి. నేరుగా ఇచ్చిన దానిలో మూడు నెలల జీతం మేరకే అడ్వాన్సుగా లెక్కకు వచ్చేది.

మస్టరులో అతని పేరే లేదు. జీతం తొమ్మిది వందలే అన్నారు. తోటి కూలీలు ధైర్యంగా సాక్ష్యం చెప్పబట్టి నెలకు 1,500 అని తేలింది. అందులో సగం 750ని, ముప్పై ఏళ్ల వయసుకు పట్టికలో ఉన్న 207.98తో హెచ్చవేస్తే 1,55,985 రూపాయలు. దీనికి 12 శాతం వడ్డీ. పెద్దమనుషులు తేల్చిన ఇరవై వేలెక్కడ, ఇదెక్కడ! పిల్లల వాటా వారికి మైనారిటీ తీరేదాకా బ్యాంకులో వేయించాము.

లెక్కకు తీసుకునే జీతం పరిమితిని 2020లో పదిహేను వేలకు పెంచారు. ఆ లెక్కన అదే వయసువాడికి 15,59,850 రూపాయలు వచ్చేది. 2025 నవంబరు 21 నుంచి పాత చట్టం స్థానంలో సామాజిక భద్రతా స్మృతి అమలులోకి వచ్చింది. మూలసూత్రం మారలేదు. పైగా పనితో సంబంధం ఉంటే, ఇంటినుంచి పనికి వచ్చిపోయే దారిలో జరిగిన ప్రమాదం కూడా ఇందులోకి వస్తుంది.

ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, చట్టం లేక నష్టపోయినవారికంటే కాగితం పెట్టేవారు లేక నష్టపోయినవారే ఎక్కువ. పాత చట్టంలో దావాకు రెండేళ్ల గడువు ఉండేది. దుఃఖంలో ఒక ఏడాది, పెద్దల చుట్టూ తిరగటంలో మరో ఏడాది గడిచిపోయేవి. మనలో గుమాస్తాలున్నారు, ఉపాధ్యాయులున్నారు, రెవెన్యూ, పోలీసు శాఖల్లో పనిచేసినవారున్నారు. అర్జీ రాయటం మనకు చేతనైన విద్య. పని చేస్తూ మనిషి చనిపోయాడన్న కబురు ఎవరి ద్వారా అందినా సరే, యజమానిని వివరణ అడిగే అధికారం కమిషనరుకు చట్టం ఇచ్చింది. కొత్త స్మృతిలోనూ ఆ ఏర్పాటు ఉంది. అంటే మీరు రాసే ఒక్క ఉత్తరం చాలు, ఫైలు తెరుచుకుంటుంది.

కనుక నా విన్నపం ఇది. మీ వీధిలో, మీ ఊళ్లో అలాంటి దుర్ఘటన జరిగితే వెంటనే ఆ ఇంటికి వెళ్లండి. ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేయనివ్వకండి. ఎఫ్.ఐ.ఆర్., పోస్టుమార్టం నివేదిక నకళ్లు తీసిపెట్టండి. తోటి కూలీల పేర్లు రాసిపెట్టండి. కార్మిక శాఖ కార్యాలయానికి వెంట వెళ్లండి. రాజీ పడేవారు అధికారి ముందే రాజీ పడాలని చెప్పండి.

మన హక్కు కోసం మనం సంఘంగా నిలబడ్డాము. అడగటం తెలియనివారి పక్కన కూడా నిలబడితే మన సంఘానికి మరింత గౌరవం.