ఒక్క నిమిషమే కదా!



గుమ్మం దాటి బయటికి వెళితే చాలు, జనం బండ్లు నడిపే తీరు చూసి విసుక్కోవడం మనందరికీ అలవాటే. "చూశారా, సిగ్నలైనా ఇవ్వకుండా ఎలా తిప్పేశాడో!", "ఆ మహాతల్లికి రోడ్డంతా తన పెరడే అనుకుంటాను!" అని నేనూ ఎన్నోసార్లు అన్నదాన్నే. కాని పోయిన ఏడాది ఒకనాడు ఆ మహాతల్లిని నేనే అయ్యాను. ముందుగా ఆ ముచ్చటే మీకు చెప్పుకోవాలి.

మా బెజవాడలో ఒక సందులో ఉన్న టైలరు దగ్గర జాకెట్లు తెచ్చుకోవాలి. కారు ఆపుదామంటే ఎక్కడా చోటు లేదు. ఒక ఇంటి గేటు ముందు మాత్రం ఖాళీ కనిపించింది. "ఒక్క నిమిషమే కదా" అనుకుని అక్కడే పెట్టి వెళ్లాను. తీరా చూస్తే జాకెట్టు చేతులు బిగుతు. విప్పించి, మళ్లీ కుట్టించుకుని వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ గేటు లోపల ఒక కారు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. వెనక సీట్లో ఒక పెద్దాయన నీరసంగా తల వాల్చి కూర్చున్నారు. ఆయన భార్య ఎండలో నిలబడి, కొట్టుకొట్టుకీ వెళ్లి "ఈ కారు ఎవరిదండీ?" అని అడుగుతోంది. ఆయనకు డయాలసిస్‌కి ఇచ్చిన టైము దాటిపోతోందట!

ఆవిడ నన్ను పల్లెత్తు మాట అనలేదు. "కాస్త తొందరగా తియ్యి తల్లీ" అంది, అంతే. నాలుగు తిట్టినా బాగుండేది. మర్నాడు నాలుగు పళ్లు పట్టుకుని క్షమించమని అడగడానికి వెళ్లాను. వేళ తప్పడంతో మళ్లీ వంతు వచ్చేదాకా ఆసుపత్రిలోనే కూర్చున్నారట. ఇల్లు చేరేసరికి రాత్రి పదిన్నర. నా ఒక్క నిమిషం ఖరీదు అదీ!

ఇళ్ల గుమ్మాలకు అడ్డంగా బండి నిలపకూడదని 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనే చెప్పారు. అయినా ఇది చట్టం చెబితే తెలుసుకోవలసిన విషయమా, చెప్పండి?

ఆలోచించి చూస్తే, మనకు ఎదుటివాళ్లలో చిరాకు తెప్పించే అలవాట్లన్నీ ఈ ఒక్క నిమిషం కోసమే పుడుతున్నాయి. పిల్లల లెక్కల పుస్తకంలోలాగా ఒక లెక్క వేద్దాం. అయిదు కిలోమీటర్ల దూరం గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళితే ఏడున్నర నిమిషాలు పడుతుంది. 50 వేగంతో వెళితే ఆరు నిమిషాలు. మిగిలింది నిమిషంన్నర. అదీ దారిలో సిగ్నలు పడకపోతేనే! ఈ నిమిషంన్నర కోసమే ఎడమవైపు నుంచి దూరిపోవడం, రాంగ్ రూటులో ఎదురు రావడం, జీబ్రా గీతల మీదికెక్కి నిలబడడమూను.

ఇక హారన్ సంగతి. ఎర్రదీపం ఉండగానే వెనకనుంచి మోత మొదలవుతుంది. ముందువాడు మాత్రం ఎగిరిపోతాడా? ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించడానికి 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు వీలు కల్పించాయి. అనవసరంగా హారన్ కొడితే మొదటిసారి 1,000 రూపాయలు, ఆ తరువాత 2,000 రూపాయలు జరిమానా అని మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ చెప్పింది.

రాత్రిపూట పెద్ద లైటు వేసుకుని వచ్చేవాళ్లది మరో రకం. ఆ వెలుగు కళ్లలో పడితే రెండు మూడు క్షణాలు మనకేమీ కనిపించదు. 40 వేగంతో పోయే బండి క్షణానికి పదకొండు మీటర్లు సాగుతుంది. అంటే ఎదుటి మనిషి ముప్ఫై మీటర్లు గుడ్డిగా నడుస్తున్నాడన్నమాట! లైటు డిమ్ చెయ్యడానికి మనకు పట్టేది వేలితో ఒక్క కదలిక.

మగవాళ్లనే అంటున్నానని సంబరపడకండి. నడిరోడ్డు మీద స్కూటీ ఆపి, దిగకుండానే కూరగాయల బండివాడితో బెండకాయలు బేరమాడేది ఎవరండీ? బడి గేటు దగ్గర బండ్లు పక్కపక్కన నిలిపి, ట్యూషన్ల సంగతులు ముచ్చటించుకునేదెవరు? ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని "పొయ్యి మీద పాలు దింపావా?" అని అడుగుతూ బండి నడిపేదెవరు? మనమే కదూ!

అన్నిటికంటే నన్ను కలవరపెట్టిన సంగతి మరొకటుంది. మొన్న పదకొండేళ్ల మా అమ్మాయి నా పక్కన కూర్చుని "అమ్మా, వాడు కదలట్లేదు. హారన్ కొట్టు!" అంది. నిజానికి ఆ ముందు బండాయన, కర్ర పోటీతో రోడ్డు దాటుతున్న ఒక ముసలమ్మ కోసం ఆగాడు. ఆ తొందర దానికి ఎవరు నేర్పారు? నేనే. పలకా బలపం లేకుండానే, రోజూ బడికి తీసుకువెళుతూ నేర్పాను.

అందుకని ఇప్పుడు మా ఇంట్లో మూడు పద్ధతులు పెట్టుకున్నాం. ఎక్కడికైనా సరే పది నిమిషాలు ముందే బయల్దేరతాం. కారు అద్దం దగ్గర ఫోను నంబరు రాసిన అట్టముక్క ఉంచుతాం. మూడోది, ఎవరి గేటు ముందూ బండి ఆపం, ఎంత దూరమైనా నడిచే వస్తాం. మావారు మొదట్లో నవ్వారు గాని, ఇప్పుడు ఆయనా పాటిస్తున్నారు.

వాకిట్లో ముగ్గు తొక్కకుండా పక్కనుంచి నడవమని పిల్లలకు చెబుతాం. రోడ్డు కూడా పదిమంది వాకిలే కదండీ! ఈసారి "ఒక్క నిమిషమే కదా" అన్న మాట మీ మనసులోకి వచ్చినప్పుడు, ఎండలో నిలబడిన ఆ పెద్దావిడను ఒక్కసారి తలుచుకోండి.

సెలవు.